తుప్పు పట్టని స్టాంపు

పోయిన వారం మనం ఫుజియెను ఒక బల్ల ముందు కూర్చోబెట్టి వచ్చాం. కోబె నగరం, మొతొమాచి వీధి, టీపొడి దుకాణం పైన మేడగది. బల్ల మీద ఏడు పాత పోస్టుకార్డులు, వాటి పక్కన 'ఇవి అసలైనవే' అని పూచీ పడే పత్రం. పత్రం మీద, సంతకానికి బదులు వేసే పేరుముద్రలు రెండు అప్పటికే పడ్డాయి. ఒకటి ఫుజియెకు అసలూ నకిలీ తేల్చే ఈ విద్య నేర్పిన ఒకినాగా మాస్టారిది. రెండోది ఆయన అల్లుడు హిషినుమాది. మూడోది ఫుజియె వెయ్యాలి. ఆమె తన పేరుముద్రను సిరాలో అద్ది, పైకెత్తి, సగంలో ఆగి, తిరిగి డబ్బాలో పెట్టేసింది.

"ఏమైంది ఫుజియె గారూ, సిరా ఆరిపోయిందా?" అన్నాడు హిషినుమా నవ్వుతూ.

"సిరా బాగానే ఉంది. మూడో కార్డు ఇంకోసారి చూడాలి."

"పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నారుగా. పెళ్ళిచూపులకి వచ్చినవాడు కూడా పిల్లని ఇంతసేపు చూడడు."

"వాడు చూడకపోతే వాడి ఖర్మ. నేను చూడకపోతే కొనేవాడి ఖర్మ" అంది ఫుజియె.

బల్ల చివర కూర్చున్న ఒకినాగా మాస్టారు సన్నగా నవ్వాడు. ఆ మాట ఆయనదే. రైలు వంతెన కింద పాత కార్డుల కొట్టు పెట్టకముందు, ఫుజియె ఆయన దగ్గర పదిహేనేళ్ళు పని నేర్చుకుంది. ఆ పదిహేనేళ్ళలో ఎన్నిసార్లు విన్నదో ఆ మాట. కానీ ఇవాళ ఆయన నవ్వుతున్నా చూపు మాత్రం కార్డుల మీద లేదు. ఎక్కడో గోడ మీద ఉంది. రెండేళ్ళుగా ఆయన కళ్ళకి పొర కమ్ముతోంది. ఆ సంగతి గదిలో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ తెలియనట్టే ఉంటారు.

ఫుజియె మూడో కార్డును కిటికీ వెలుగులోకి తిప్పింది. ఒకవైపు బొమ్మ. కొబ్బరిచెట్లు, చెక్కవంతెన, దాని మీద నెత్తిన బుట్టలు మోస్తున్న మనుషులు. దక్షిణ సముద్రంలో అంగౌర్ అనే చిన్న దీవి. యుద్ధానికి ముందు జపాన్ ఏలుబడిలో ఉన్న రోజుల్లో జపానువాళ్ళు అక్కడ గనుల్లో పనికి వెళ్ళేవారు. రెండోవైపు చిరునామా, నాలుగు వరసల మాటలు, మూలన నీలం రంగు స్టాంపు, దాని మీద గుండ్రంగా అంగౌర్ తపాలా ముద్ర. అసలు విలువంతా ఆ ముద్రకే. అలాంటి స్టాంపు ఏ కొట్లోనైనా దొరుకుతుంది. అలాంటి బొమ్మ కూడా దొరుకుతుంది. ఆ దీవి ముద్ర పడి, యుద్ధం దాటి మిగిలిన కార్డు మాత్రం దొరకదు. అందుకే ఆదివారం మామా అల్లుళ్ళు జరపబోయే వేలంపాట పుస్తకానికి ఈ ఏడింటినే ముఖచిత్రంగా వేశారు.

కార్డు పైమూలన చిన్న చిల్లు ఉంది. స్టాంపు మూల గుండా పోయింది.

"ఈ చిల్లు సంగతి కార్డుల సొంతదారు తత్సు గారు నాతో చెప్పారు" అంది ఫుజియె. "వంటింటి స్తంభానికి ఇనప మేకులతో కొట్టి, బొమ్మ బయటికి కనపడేలా ఏళ్ళ తరబడి ఉంచారట. అవాజి దీవి, సముద్రం ఒడ్డున ఇల్లు. ఉప్పుగాలి. ఇదిగో చూడండి, బొమ్మ వైపు చిల్లు చుట్టూ తుప్పు. ఎర్రగా ఉంగరంలా."

"ఉంటుంది మరి. ఇనుము కదా."

"స్టాంపు వైపు లేదు."

హిషినుమా భుజాలు ఎగరేశాడు. "ఒకవైపు పడుతుంది, ఒకవైపు పడదు. తుప్పుకి మనం నేర్పుతామా ఎటు పట్టాలో?"

"స్టాంపు వైపు స్తంభానికి ఆనుకుని ఉంది. చెమ్మంతా అటే. బొమ్మ వైపే ఇంత పడితే అటు ఇంకా ఎక్కువ పడాలి. కార్డు అట్ట మీద పడింది కూడా. స్టాంపు అంచు దగ్గర చూడండి, అట్ట మీద ఎర్రటి మచ్చ స్టాంపు కిందికి పోతోంది. స్టాంపు మీద మాత్రం లేదు. స్టాంపులో చిల్లు నిన్న పొడిచినట్టు తెల్లగా ఉంది."

"ఎవరో శుభ్రం చేసి ఉంటారు."

"నీళ్ళు తగిలితే ఈ నీలం వెలిసిపోతుంది. మీకూ తెలుసు. కడిగిన స్టాంపు రంగు ఇలా ఉంటుందా? ఇది మేకు ఊడాక అంటించిన స్టాంపు."

హిషినుమా కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. మనిషి చూడ్డానికి బాగుంటాడు, మాట తియ్యగా ఉంటుంది, కొట్టుకి వచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పోనివ్వడు. మామగారి పేరు నిలబెడుతున్నది తనేనని అతని నమ్మకం. అది పూర్తిగా అబద్ధమూ కాదు. అతను ముందుకి వంగి గొంతు తగ్గించాడు.

"ఫుజియె గారూ, సూటిగా మాట్లాడుకుందాం. ఒక కార్డు మీద అనుమానం ఉంటే దాన్ని పక్కన పెడదాం. ఆరు అమ్ముదాం."

"ఏడింటికీ చిల్లుంది. ఏడింటి స్టాంపులకీ తుప్పు లేదు. అన్నీ చూశాకే ఆగాను."

"పత్రం మీద మామయ్యగారి ముద్ర ఉంది. నలభై ఏళ్ళుగా ఆ ముద్ర చూసి, కార్డు చూడకుండానే కొంటున్నారు జనం. అది అబద్ధమని మీరు అంటారా, ఆయన ఎదురుగానే? మీ కొట్టు అద్దె కాగితం మీద పూచీ సంతకం ఎవరిదో మరిచిపోయారా?"

ఫుజియె మరిచిపోలేదు. రైలు శాఖవాళ్ళు పెళ్ళికాని ఆడదానికి కొట్టు ఇవ్వబోమన్నప్పుడు, వర్షంలో గొడుగేసుకుని వచ్చి సంతకం పెట్టింది మాస్టారే. ఆయన పూచీ తీసేస్తే వచ్చే నెల ఆ తలుపు తెరుచుకోదు. తల వంచి ముద్ర వేసేస్తే సాయంత్రానికి కొట్లో కూర్చుని టీ తాగవచ్చు.

ఆమె తల వంచలేదు. "మాస్టారి ముద్ర చూసి కొంటున్నారు కాబట్టే నేను వెయ్యను" అంది.

మాస్టారు చెయ్యి చాపాడు.

"ఇటివ్వు ఫుజియె."

ఇచ్చింది. ఆయన కార్డుని కళ్ళ దగ్గరికి తీసుకున్నాడు, దూరం పెట్టాడు, మళ్ళీ దగ్గరికి తెచ్చాడు. తర్వాత బల్ల మీద పెట్టి, ఉంగరం వేలితో బొమ్మ వైపు చిల్లు చుట్టూ తడిమాడు. గరుకు. కార్డు తిప్పాడు. స్టాంపు మీద వేలు నడిపాడు. నున్నగా జారిపోయింది. ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి.

"నాలుగోది" అన్నాడు.

నాలుగోది, అయిదోది, ఆరోది. చూపు పోతున్న మనిషి వేలితో చదువుతూ పోతుంటే హిషినుమా నుదుటి చెమట తుడుచుకున్నాడు.

"మామయ్యా, నేను చెప్పేది..."

"పెద్దావిణ్ణి పిలవండి" అన్నాడు మాస్టారు.

కాజితాని తత్సు బయట గదిలో కూర్చుని ఉంది. అవాజి నుంచి పడవ దిగి పొద్దున్నే వచ్చింది. వస్తూ వస్తూ తన చేలో పండిన ఉల్లిపాయలు ఒక గుత్తి కట్టి తెచ్చింది. డెబ్బై దాటిన మనిషి. ముందు పళ్ళు లేవు కాబట్టి పెంకులాంటి గట్టి బిస్కెట్టుని టీలో ముంచి చప్పరిస్తోంది. ఈ కార్డులు రాసిన సదాకిచి ఆమె అన్న. యుద్ధకాలంలో చనిపోయిన అతని పేరున, అతను పనిచేసిన దీవిలో అగరొత్తి వెలిగించి రావాలని ఆమె కోరిక. చనిపోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళు కొత్త సంవత్సరం దాటాక బృందంగా అక్కడికి వెళుతున్నారు. కార్డులు అమ్మితే ప్రయాణానికి సరిపోతుందని ఆమెకు చెప్పింది హిషినుమానే.

లోపలికి రాగానే ఆమె ఉల్లిగుత్తి తీసి సరిగ్గా పూచీపత్రం మీద పెట్టింది. "మాట్టారికి. పచ్చివే తినొచ్చు, తియ్యగుంటాయి" అంది.

ఫుజియె ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకుంది. తనకు కావలసిన జవాబు ఆమె నోట్లో పెట్టకూడదని జాగ్రత్తపడింది. "తత్సు గారూ, మీ అన్నయ్య రాసిన ఈ కార్డులు మీకు ఎలా అందేవి?"

"ఎలాగంటే? చేతికే అందేవి."

"ఎవరు తెచ్చేవారు?"

"పడవ దిగినోళ్ళు. మా ఊరోళ్ళు సగం మంది ఆ గనుల్లోనే ఉండీవోరు కదమ్మా. ఇంటికొచ్చే ప్రతివోడి చేతా ఒక కార్డు పంపీవోడు."

"పోస్టుమేన్ తెచ్చేవాడు కాదా?"

"పోస్టుమేనా!" తత్సు పళ్ళులేని నోటితో నవ్వేసింది. "మా అన్న సంగతి నీకు తెలీదు. స్టాంపుకెట్టే డబ్బుతో ఒక ముద్ద ఎక్కువ తినొచ్చనీవోడు. అంత పిసినారి. మనిసి వెళ్తుండగా స్టాంపెందుకు దండగ అని..."

మాట ఆగిపోయింది. ఆమె బల్ల మీద కార్డుల్ని అప్పుడే చూసింది. వసంతంలో డబ్బాతో సహా హిషినుమాకు ఇచ్చాక మళ్ళీ ఇవాళే చూడటం. ఒక కార్డు తీసుకుంది. కళ్ళు చికిలించింది.

"ఇదేటి? ఈ నీలం బిళ్ళలేటి?"

ఇంకో కార్డు తీసి తిప్పి చూసింది.

"నేనిచ్చినప్పుడు ఇవి లేవు. ఎవరంటించారు?"

హిషినుమా కుర్చీలోంచి సగం లేచాడు. "అమ్మా, కోప్పడకండి. ఉత్త కార్డులకి ఎవరూ ఏమీ ఇవ్వరు. కార్డు నిజమైనదే, రాత నిజమైనదే, మీ అన్నయ్య ఆ దీవిలో ఉన్నదీ నిజమే. పోస్టులో వెయ్యకపోవడం ఒక్కటే కదా తేడా! ఆ పని నేను చేశాను అనుకోండి. కొనేవాడికి ముచ్చట, మీకు ప్రయాణం. ఎవరికి నష్టం చెప్పండి?"

తత్సు అతని వంక చూడలేదు. కార్డుని కళ్ళకి ఆనించినట్టు పెట్టుకుని వేలితో ఒకచోట గీరుతోంది.

"ఇక్కడ రాసేడు" అంది చిన్నగా. "తత్సూ, రోజూ పళ్ళు తోముకో, లేపోతే ముసిల్దానివైపోతావు అని. పదేళ్ళ పిల్లప్పటి నుంచీ అదే వెక్కిరింపు. పెళ్ళయ్యాక కూడా మానలేదు. ఏది? కనపడతాందా నీకు? నీ ముద్ర కిందికెళ్ళిపోయింది. పళ్ళు అన్నకాడే కొట్టేవు."

హిషినుమా ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది.

"మా అన్న పిసినారి. దొంగ కాదు. ఆడి పేరు మీద దొంగసరుకు అమ్మి, ఆ డబ్బుతో ఆడికి అగరొత్తి ముట్టించమంటావా? ఊడదియ్యి ఇవన్నీ. ఇప్పుడే."

"స్టాంపులు నీళ్ళలో నానబెడితే ఊడతాయి తత్సు గారూ" అంది ఫుజియె. అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "ముద్ర సిరా మాత్రం పోదు. అట్టలోకి దిగిపోయింది."

తత్సు కార్డుని ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ కప్పింది. ఏడవలేదు. ఏడిస్తే ఫుజియెకు కొంత తేలిగ్గా ఉండేది.

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఉల్లిగుత్తిని నెమ్మదిగా పక్కకి జరిపి, దాని కింది పత్రం తీసి, తన ముద్ర ఉన్న చోటు వేలితో వెతికి పట్టుకున్నాడు. "కలం" అన్నాడు. ఫుజియె అందించింది. తన పేరు మీద రెండు అడ్డగీతలు గీశాడు. గీతలు వంకరపోయాయి, కానీ పేరు మీదే పడ్డాయి.

"మామయ్యా, పుస్తకం అచ్చయిపోయింది! ముఖచిత్రమే ఇవి! ఆదివారం వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలి?"

"నేను చెప్తాను. అందరికంటే ముందు నిలబడి చెప్తాను. ఒకినాగాకి కళ్ళు కనపడటం లేదు, చూడని కార్డులకి ముద్ర వేశాడు, ఇక వెయ్యడు అని." ఆయన అల్లుడి వైపు తిరిగాడు. "నువ్వు ఈమెని అద్దె కాగితంతో బెదిరించావు చూశావూ, ఆ పూచీ అలాగే ఉంటుంది. నీ మీద నా పూచీయే ఇవాళ్టితో పోయింది. ఆ దొంగ తపాలా ముద్ర అచ్చు ఎక్కడుందో రేపు నాకు తెచ్చి ఇవ్వాలి."

హిషినుమా కూలబడ్డాడు. అతని ముఖంలో ఆ తియ్యదనం ఎటు పోయిందో, వెతికినా కనపడలేదు.

ఫుజియె మాస్టారికి కుర్చీ జరిపింది. ఆయనకు తల వంచి నమస్కరించాలనిపించింది, వంచింది. ఆయన చూశాడో లేదో ఆమెకు తెలియలేదు.

తత్సు ఏడు కార్డుల్నీ ఏరి డబ్బాలో సర్దుకుంది. మూత పెట్టింది. "అయితే నేను పోనట్టే" అంది ఎవరితోనూ కాకుండా. "పోనీలే. వచ్చే జన్మలో చూద్దాం" అని లేవబోయి, మళ్ళీ కూర్చుంది. నడుముపట్టీ మడతలోంచి ఒక గుడ్డసంచి తీసింది.

"ఇంకోటి ఉంది. ఇది ఆ బాబుకివ్వలేదు. బుద్ధుడి గూట్లో, పోయిన మా అన్న పేరు రాసి పెట్టిన పలక వెనక ఉంటాది. దీన్ని చూసి ఒక మాట చెప్పమ్మా. పోస్టులో వచ్చింది ఇదొక్కటే."

ఫుజియె కార్డుని రెండు చేతులా అందుకుంది. ముందు వెనక్కి తిప్పింది. బొమ్మ లేని ఉత్త కార్డు. మేకు చిల్లు లేదు. అప్పటి జపాన్ పైసల్లో రెండు సెన్ల ఎర్రటి స్టాంపు, అంచులు పసుపు తిరిగి, ఆ పసుపే అట్టలోకీ పాకింది. ముద్ర సగం చెదిరిపోయింది. సిరా ఆ రోజుల నాటి చవక సిరా, గోధుమరంగుకి తిరిగి, స్టాంపు మీదా అట్ట మీదా ఒకేలా వెలిసింది. భూతద్దం పెట్టింది. రెండూ కలిసి ముసలివైన తీరు చూస్తే ఎవరికీ అనుమానం ఉండదు. అసలైనది.

ముద్రలోని అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుంది. ఊరి పేరు అంగౌర్ కాదు.

"యాప్" అంది పైకి.

మాస్టారు కుర్చీలో నిటారుగా అయ్యాడు. "యాప్ దీవా? ఏ ఏడు?"

"షోవా పంతొమ్మిది. ఫిబ్రవరి." అంటే 1944.

"ఇంకోసారి చూడు."

చూసింది. "పంతొమ్మిదే మాస్టారూ."

"యుద్ధం అంత ముదిరాక యాప్ నుంచి ఇంటికి చేరిన కార్డు!" ఆయన గొంతులో పాత ఉత్సాహం తొంగి చూసింది. "ఫుజియె, ఆ ఏడూ నిజమైనవే అయినా ఇది వాటన్నిటినీ మించిపోయేది."

హిషినుమా కూడా తలెత్తాడు. కానీ ఫుజియె ఆ మాటలు వినడం లేదు. ఆమె తత్సు ముఖంలోకి చూస్తోంది.

"తత్సు గారూ, మీ అన్నయ్య ఎప్పుడు పోయారన్నారు?"

"షోవా పద్దెనిమిదిలో. సెప్టెంబరు, ఉల్లినారు పోసే కాలం. అంగౌర్ నుంచి ఇంటికొస్తున్న ఓడ మునిగిపోయింది. కంపెనీవోళ్ళు కాగితం పంపేరు. శవం లేదు, బూడిద లేదు, ఆడి పాత చొక్కా పెట్టి కర్మ చేసేం. ఆ తరవాత వచ్చింది ఈ కార్డు. యుద్ధంలో టపా ఆలస్యం అన్నారు అందరూ. పోయినోడి ఆఖరి మాట అని దాచుకున్నాను."

ఫుజియె కార్డు మీది మాటలు చదివింది. రెండే వరసలు. 'తత్సూ, కులాసా. అక్కడ మంచు పడుతోందా? ఇక్కడ కొత్త సంవత్సరం కూడా చెమటలే.'

చెప్పకుండా ఉండవచ్చు. బాగుందమ్మా, జాగ్రత్తగా దాచుకోండి అనవచ్చు. నలభై ఏళ్ళు ఒక చొక్కాకి మొక్కిన మనిషికి ఇప్పుడు ఈ మాట చెప్పి ఏం చెయ్యాలి? కానీ పొద్దుటి నుంచీ ఈ బల్ల దగ్గర తను పట్టుపట్టి కూర్చున్నది దేనికోసం?

"ఈ చేతిరాత మీ అన్నయ్యదేనా?"

"నాకు తెలీదా? ఆడిదే."

"అయితే వినండి. టపా ఆలస్యం కాలేదు. ఓడ మునిగిన అయిదు నెలలకి, వేరే దీవిలో ఈ కార్డు పోస్టులో పడింది. ముద్ర నిజమైనది. ఇది వేసిన రోజుకి మీ అన్నయ్య బతికి ఉన్నారు."

కింద వీధిలో ఎవరో టోఫు అమ్ముతూ బూర ఊదుకుంటూ పోయారు. ఆ చప్పుడు మలుపు తిరిగిపోయేదాకా తత్సు కార్డు మీది ముద్రనే చూసింది.

"ఆ ఊరి పేరు మళ్ళీ చదువు" అంది.

"యాప్."

"అయితే నేను పోవాల్సింది అంగౌర్‌కి కాదు" అంది తత్సు. "అక్కడ ఆడు లేడు. ఎవరికని ముట్టిస్తాను అగరొత్తి? యాప్ కెళ్ళాలి. ఆడు అక్కడికెలా వచ్చేడో, ఆ తరవాతేటయ్యేడో చూసినోళ్ళు ఒక్కరైనా మిగిలుంటారు. అడగాలి."

"వెళ్ళవచ్చు అమ్మా" అన్నాడు హిషినుమా మెల్లగా. ఆ రోజు అతను అన్న మొదటి నిజం అదే కావచ్చు. "ఆ ఒక్క కార్డు అమ్మితే వెళ్ళి రావచ్చు."

ఫుజియె గిరుక్కున తిరిగింది. "అమ్మితే ఇక అది ఆవిడ దగ్గర ఉండదు. ఆయన పోస్టులో వేసింది అదొక్కటే."

"ఉంచుకుంటే నేను పోలేను" అంది తత్సు. కార్డు తీసి బల్ల మధ్యలో పెట్టింది. మాస్టారి వైపు చూసింది, తర్వాత ఫుజియె వైపు. "ఇందాక మాట్టారి ఎదురుగానే నిజం చెప్పేవు. ఇప్పుడు నాకూ చెప్పు. తగ్గించకు, పెంచకు. దీనికి వెల కట్టు తల్లీ."

ఫుజియె భూతద్దం తీసుకుని కార్డు కోసం చెయ్యి చాపింది. కార్డు కదల్లేదు. దాని అంచుని ముసలామె రెండు వేళ్ళు ఇంకా గట్టిగా పట్టుకునే ఉన్నాయి.